వచ్చాడా, వచ్చిందా? ట్రాన్స్ అబ్బాయి, దయ్యం ప్రేమించుకునే లాటినో టీనేజ్ నవలను తెలుగు చేయడం ఎలా

ఈ తరహా నవలను తెలుగులోకి తేవాలని కూర్చున్నవాళ్లు నాలుగైదు పేజీలకే ఆగిపోయి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. "హీరోని అతను అనాలా, ఆమె అనాలా? అబ్వేలా అంటే అమ్మమ్మా, నానమ్మా? దయ్యం అని రాస్తే నవ్వొస్తోంది, ఏం చేయాలి?" వాటన్నిటికీ ఒక్కచోట జవాబు చెప్పే ప్రయత్నం ఇది.

ఉదాహరణల కోసం ఇద్దరు కుర్రాళ్లను నేనే అల్లుకున్నాను. మాతేయోకి 16 ఏళ్లు, ట్రాన్స్ అబ్బాయి, అంటే పుట్టినప్పుడు అమ్మాయి అని రాసుకున్నా తను అబ్బాయే. లాస్ ఏంజెలెస్‌లోని బాయిల్ హైట్స్‌లో ఉండే మెక్సికన్ అమెరికన్ కుటుంబం. చనిపోయినవాళ్లు కనిపించడం ఆ ఇంటి వంశపారంపర్యం. రెండోవాడు నికో. వారం కిందటే చనిపోయాడు, ఇంకా వెళ్లిపోలేదు.

## 1. కూర్చునే ముందు

ముందు అనుమతి. అనువాద హక్కు మూల రచయితది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు అది ఉంటుంది. "డబ్బులకి కాదుగా, ఊరికే ఆన్‌లైన్‌లో పెడుతున్నా" అన్నా అనుమతి అక్కర్లేదని కాదు. ప్రచురణకర్త హక్కుల విభాగానికో, రచయిత ఏజెంటుకో ఈమెయిల్ రాయండి. జవాబు వచ్చేదాకా రెండు అధ్యాయాలు చేతి అలవాటు కోసం చేసుకోండి, బయట పెట్టకండి.

దగ్గర ఉండాల్సినవి:

- మూలం రెండుసార్లు చదవడం. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిలుతో.
- స్పానిష్ మాటలన్నీ రాసిపెట్టుకున్న ఒక నోట్‌బుక్.
- కుటుంబ వృక్షం, కాగితం మీద గీసింది.
- తెలుగు చదివే ట్రాన్స్ వ్యక్తి ఒకరు, మెక్సికన్ ఇంట్లో పెరిగినవాళ్లు ఒకరు. మీ చిత్తుప్రతి చదివి తప్పులు చెప్పడానికి. వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి. వాళ్ల శరీరం గురించి, ఆపరేషన్ల గురించి అడగకండి. మీకు కావాల్సింది పేజీ మీద తప్పులు.

## 2. ఎవరికి ఏ క్రియ: పట్టిక వేసుకోండి

ఇంగ్లిష్‌లో లింగం 'హీ', 'షీ' దగ్గర ఆగిపోతుంది. స్పానిష్‌లో కర్తను తరచుగా వదిలేస్తారు, క్రియకి లింగం ఉండదు. అక్కడ నామవాచకాల్లో, విశేషణాల్లో తేలుతుంది: కొడుకు ఇహో, కూతురు ఇహా. మనకేమో వాక్యం చివర్లో కాచుకుని ఉంటుంది. వచ్చాడు, వచ్చింది. ఒక్క పేజీలో ఇరవైసార్లు తేల్చి చెప్పాల్సిందే.

అందుకే మొదటి వాక్యం రాసేముందే పట్టిక వేయండి. అడ్డ వరసలో మాట్లాడేవాళ్లు, నిలువు వరసలో ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లు. ప్రతి గడిలో '-డు', '-ది', '-రు'. ఉదాహరణకి:

- కథకుడు, మాతేయో గురించి: ఎప్పుడూ '-డు'.
- అబ్వేలా, మాతేయో గురించి: మొదట్లో '-ది', కథలో మారేచోటు నుంచి '-డు'. ఆ పేజీ నంబరు రాసుకోండి.
- బడిలో ఏడిపించేవాళ్లు: మూలం ఎలా ఉంటే అలా.
- నికో, మాతేయో గురించి: '-డు', మొదటి క్షణం నుంచి.

## 3. కథకుడు ఎప్పుడూ తడబడకూడదు

ఇది ఒక్కటి కుదిరితే సగం పని అయినట్టే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

మాతేయో అబ్బాయి. ఆరేళ్ల వయసులో గౌను వేయించి ఫొటో తీయించిన సంఘటన చెప్పేటప్పుడు కూడా అబ్బాయే. "అప్పట్లో ఆమె" అని రాశారంటే, కుటుంబం చేసిన తప్పే పుస్తకమూ చేసినట్టు. "ఆ గౌను వేసుకుని ఫొటోలో బిక్కమొహం పెట్టాడు" అని రాయండి. చదివేవాళ్లు తికమకపడరు. గౌను పక్కన '-డు' కనిపించగానే విషయం వాళ్లకే అర్థమవుతుంది.

ఇంట్లోవాళ్లు '-ది' అంటే మాత్రం దాన్ని మంచితనంతో సవరించకండి. ఆ గాయం కథలో భాగం. కాకపోతే అది కొటేషన్ గుర్తుల లోపలే ఉండాలి. ప్రమాదమంతా మధ్యలో ఉండే వాక్యాలతోనే: "మనవరాలు ఇంకా రాలేదేమిటా అని అబ్వేలా ఎదురుచూస్తోంది." ఇది ఎవరి గొంతు? కథకుడిదా, ముసలావిడదా? తేలకపోతే విడగొట్టండి: "మాతేయో కోసం ఎదురుచూస్తోంది అబ్వేలా. 'ఏదీ నా మనవరాలు?' అని రెండుసార్లు అడిగింది."

లింగం కొంతసేపు దాచాల్సిన సన్నివేశాలుంటాయి. తెలుగులో దాక్కోవడానికి చోట్లు చాలానే ఉన్నాయి:

- నేను, నువ్వు: వచ్చాను, వచ్చావు. ఇద్దరే మాట్లాడుకునే సంభాషణలో సమస్యే రాదు.
- రాలేదు, చెప్పలేదు, రావడం లేదు: అందరికీ ఒకటే.
- రావాలి, రావచ్చు: ఇవీ అంతే.
- వచ్చి, వస్తూ, వచ్చిన: అసమాపక క్రియలకి లింగం లేదు.

జాగ్రత్త, రాడు, రాదు అలా కాదు. రాగలడు, రాగలదు కూడా కాదు. ఇక్కడే చాలామంది జారతారు.

ఇంగ్లిష్‌లో 'దే' అని పిలిపించుకునే నాన్‌బైనరీ పాత్ర, అంటే మగ, ఆడ అన్న రెంటిలో ఇమడని పాత్ర ఉంటే నేను "తను" వాడి క్రియకి '-రు' పెడతాను: "తను నవ్వారు." మొదట టీచరమ్మకి గౌరవం ఇచ్చినట్టు వినిపిస్తుంది. పదిహేను పేజీలకి చెవి అలవాటుపడుతుంది. ఇబ్బందిగా ఉంటే పేరు వాడి, పైన చెప్పిన రూపాలతో వాక్యాన్ని తిప్పండి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే ఉంచండి.

మూలంలో ఎవరైనా ద్వేషంతో ట్రాన్స్ మనిషిని 'ఇట్' అంటే తెలుగులో "అది" చాలదు. ఇంట్లో చనువుగా ఆడపిల్లల్ని "అది ఇంకా లేవలేదు" అంటూనే ఉంటాం, విషం దిగదు. "వాడా, అదా?" అన్న వెక్కిరింపులో ఆ విషం ఉంది. మూలంలో ఎన్నిసార్లు ఉంటే అన్నిసార్లే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు.

## 4. దయ్యం నవ్విందా, నవ్వాడా?

ఇంగ్లిష్‌లో లేని ఒక చిక్కు, ఒక వరం కూడా, ఇక్కడ మనకి దొరుకుతుంది. తెలుగులో దయ్యం నపుంసకం. "దయ్యం వచ్చింది" అంటాం. అంటే మాతేయోకి ఏ '-ది' గుచ్చుకుంటుందో, చచ్చిపోయిన నికోకీ అదే '-ది' తగులుతుంది. లోకం ఇద్దరినీ ఒకే ప్రత్యయంతో తోసేస్తోంది.

అబ్వేలా "ఆ వచ్చినదాన్ని పంపించేయ్" అంటుంది. మాతేయో "అతని పేరు నికో" అంటాడు. మూలంలో మామూలుగా ఉన్న సంభాషణ తెలుగులో తనంతట తనే పదునెక్కుతుంది. దాన్ని అలాగే వదిలేయండి, వివరించే వాక్యం చేర్చకండి.

ఒక చిన్న పేరా, రెండు చిత్తుప్రతుల్లో చూడండి. మొదటిది:

"దయ్యం అతని వైపు చూసింది. 'నీవు నన్ను చూడగలుగుతున్నావా?' అని అది ప్రశ్నించింది. అమ్మాయిగా పుట్టిన మాతేయో, మంత్రగత్తె అయిన తన నాయనమ్మను తలచుకున్నాడు."

రెండోది:

"కొవ్వొత్తికి అవతల నిలబడ్డ కుర్రాడు మాతేయో వైపే చూస్తున్నాడు. అతని వెనకున్న సమాధి అతనిలోంచి కనబడుతోంది. 'నేను కనిపిస్తున్నానా నీకు?' అన్నాడు. మాతేయోకి నోట మాట రాలేదు. అబ్వేలా ఉంటే ఈపాటికి కోపాల్ ధూపం వేసి పంపించేసేది."

మొదటి దాంట్లో నాలుగు తప్పులున్నాయి. నికోకి '-ది' పెట్టింది కథకుడు. "చూడగలుగుతున్నావా" ఇంగ్లిష్ వాక్యం, మనం "కనిపిస్తున్నానా" అంటాం. "అమ్మాయిగా పుట్టిన" గురించి ఎనిమిదో మెట్టులో చెబుతాను. ఇక మంత్రగత్తె.

ఆ మాట వాడొద్దు. మన ఊళ్లలో చేతబడి, బాణామతి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదివే పాఠకుడికి అది కథలోని మంచి ముసలావిడ మీద పడకూడదు. స్పానిష్‌లో మంత్రగత్తెని బ్రూహా అంటారు, అక్కడా అది అందరికీ మంచి మాటేం కాదు. ఇలాంటి నవలల్లోని కుటుంబాలు దాన్ని గర్వంగా తమది చేసుకున్నాయి. బ్రూహో, బ్రూహా అనే ఉంచండి. ఒకటి మగ, ఒకటి ఆడ అన్నది తొలిసారి వచ్చినప్పుడే సందర్భంలో తెలిసిపోవాలి, ఎందుకంటే మాతేయో పోరాటమంతా ఆ చివరి అక్షరం గురించే.

దయ్యం, ఆత్మ, ప్రేతం: మూడూ వాడుకోండి, వేర్వేరు నోళ్లలో. కుర్రాళ్లు ఆటపట్టించుకునేటప్పుడు దయ్యం. పెద్దలు ప్రార్థనలో ఆత్మ. ప్రేతం మాత్రం పిండాల దగ్గరికి లాక్కెళ్తుంది, దూరం పెట్టడమే మేలు.

## 5. వరసలు: బావ అన్నారో, కథ మారిపోతుంది

అబ్వేలా అంటే తల్లి తల్లీ కావచ్చు, తండ్రి తల్లీ కావచ్చు. మనకి మధ్యే మార్గం లేదు. తీయా అంటే పిన్ని, పెద్దమ్మ, అత్త అన్నీ. కుటుంబ వృక్షం గీసుకోమన్నది ఇందుకే. మూలంలో ఎక్కడా తేలకపోతే అబ్వేలా, తీయా అనే ఉంచేయండి. పదో పేజీకల్లా పాఠకులకి వాళ్లు చుట్టాలైపోతారు.

అసలు గండం కజిన్ దగ్గర. మాతేయో మేనత్త కూతురు అతని ప్రాణ స్నేహితురాలు అనుకుందాం. మీరు మరదలు అని రాశారా, తెలుగు పాఠకుడు వెంటనే పెళ్లి సంబంధం వాసన పడతాడు. నికోతో ప్రేమకథ నడుస్తుంటే ఈ గొడవెందుకు? కజిన్ అంటే చాలు, లేదా స్పానిష్‌లో అన్నట్టే ప్రీమా.

ముద్దు మాటలు ఇంకో సంగతి. అబ్వేలా మొదట "మిహా" అంటుంది, అంటే నా కూతురా అని. కథ చివర్లో "మిహో" అంటుంది. దీన్ని "తల్లీ" నుంచి "నాన్నా"కి మారిస్తే బావుంటుందని మొదట అనిపించింది నాకు. కుదరదు. మనం ఆడపిల్లల్నీ "నాన్నా", "కన్నా" అనే పిలుస్తాం, "ఏరా" కూడా అంటాం. మార్పు ఎవరికీ వినపడదు.

నా పరిష్కారం: మిహా, మిహో అనే ఉంచి, అర్థం తొలి అధ్యాయంలోనే ఒకసారి చెప్పేయడం. మూలంలో అబ్వేలా పక్కింటావిడతో మనవడి గురించి చెప్పే చోటు ఉంటే, తెలుగు వాక్యం బరువంతా అక్కడ పెట్టండి: "మా మనవడు వచ్చాడు." రెండు మాటల్లోనూ '-డు' వినిపిస్తుంది.

## 6. స్పానిష్ మాటలు మన లిపిలో

స్పానిష్ త, ద మన త, ద లాగా పళ్ల దగ్గర పలుకుతాయి. ఇంగ్లిష్ వాటిని మనం ట, డ అని రాసుకుంటాం. దీన్ని వాడుకోండి. మాతేయో ఇంట్లో మాటలకి త, ద. బడిలో మాటలకి ట, డ. భాష మారిందని చెప్పకుండానే చెవికి తెలుస్తుంది.

- జె అక్షరం హ అవుతుంది: హోసే, బ్రూహా.
- జంట ఎల్ య అవుతుంది: తోర్తీయా. టోర్టిల్లా అని హోటల్ మెనూలో ఎలా ఉన్నా సరే.
- హెచ్ పలకదు: ఓలా.
- పైన అల ఉన్న ఎన్, న్య: సెన్యోరా.
- వి, బ లాగా పలుకుతుంది.

అమెరికాలో పుట్టిన పిల్లలు తమ పేర్లను ఇంగ్లిష్ పద్ధతిలో పలకడమూ ఉంది. ఇంట్లో హూలియాన్, బడిలో జూలియన్. ఎవరు ఎలా పిలుస్తారో పట్టికలో ఇంకో గడి వేయండి.

లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లని లాటినో అంటారు, అదే వాడండి. హిస్పానిక్ అని మార్చకండి: బ్రెజిల్‌వాళ్లు లాటినోలే కానీ స్పానిష్ మాట్లాడరు, స్పెయిన్‌వాళ్లు స్పానిష్ మాట్లాడతారు కానీ లాటిన్ అమెరికావాళ్లు కారు. లాటినో అనగానే అందరూ ఒకటే అనుకోవడమూ పొరపాటే. క్యూబా మూలాలున్న సాంతెరియా అనే మతాచారాన్ని తెచ్చి మెక్సికన్ ఇంట్లో పెట్టకండి.

స్పానిష్ మాటకి బ్రాకెట్లో తెలుగు అర్థం పెట్టే అలవాటు మానండి. పక్క వాక్యంలో ఎవరిచేతనైనా ఏదో ఒక పని చేయించండి, అర్థం అదే దొరుకుతుంది.

## 7. పండుగని తద్దినం చేయకండి

ఈ కథలు తరచుగా దియా దె మువెర్తోస్ అనే చనిపోయినవాళ్ల పండుగ చుట్టూ తిరుగుతాయి. నవంబర్ 1, 2 తేదీలు. మొదటి రోజు చనిపోయిన పిల్లల కోసం, రెండో రోజు పెద్దల కోసం. ఇది హాలోవీన్ కాదు. హాలోవీన్ అక్టోబర్ 31న, అందులో భయపెట్టడం ఆట. ఈ పండుగలో పోయిన సొంతవాళ్లు ఇంటికి వస్తారని ఎదురుచూపు.

ఇంట్లో ఓఫ్రెందా అనే వేదిక కడతారు. పోయినవాళ్ల ఫొటోలు, నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, వాళ్లకిష్టమైన తిండి, పాన్ దె మువెర్తో అనే తీపి రొట్టె, కత్తిరించిన రంగు కాగితాలు. ఆత్మలకి దారి తెలియాలని సెంపసూచిల్ రేకులు పరుస్తారు. అవి మన బంతిపూలే. ఇక్కడ మొహమాటం లేకుండా బంతిపూలు అని రాసేయండి. ఆ రంగు, ఆ ఘాటు వాసన తెలుగువాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

కానీ పండుగ పేరుని మహాలయమనో, పెత్రామాస అనో మార్చకండి. దగ్గరి పోలికే, తప్పు పోలిక. తద్దినం అనగానే మనకి మడి, మౌనం, "ఇదో తద్దినం" అన్న విసుగు గుర్తొస్తాయి. అక్కడ పాటలు, నవ్వులు. నిజంగా దగ్గరగా ఉన్నది మన క్రైస్తవులు నవంబర్ 2న చేసుకునే సమాధుల పండుగ. సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ సాయంత్రం ఒకసారి వెళ్లి చూడండి. సమాధుల తోటలో వెలుగు ఎలా ఉంటుందో రాయడానికి పనికొస్తుంది.

ఇంకో మాట: అమ్మాయికి 15 ఏళ్లు నిండినప్పుడు చేసే కిన్సెయన్యేరాని ఓణీల ఫంక్షన్ అనకండి. మాతేయోకి అదొక పీడకల అయి ఉంటుంది. దాన్ని రజస్వలతో ముడిపెడితే మూలంలో లేని అవమానం ఇంకోటి చేరుతుంది.

## 8. ట్రాన్స్ జీవితపు మాటలు

- ట్రాన్స్ అబ్బాయి: ఇదే చాలు. హిజ్రా కాదు. అదొక ప్రత్యేక సమాజం, తన సంప్రదాయాలున్నది, అందులో ఎక్కువమంది ట్రాన్స్ మహిళలు. థర్డ్ జెండర్ కూడా కాదు. 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో మన సుప్రీంకోర్టే మగ, ఆడ, థర్డ్ జెండర్ అన్నది ఎవరికి వారు చెప్పుకోవాల్సిందని గుర్తించింది. మాతేయో తాను మగ అంటున్నాడు.
- "అమ్మాయిగా పుట్టి అబ్బాయిగా మారిన" వద్దు. "పుట్టినప్పుడు అమ్మాయి అని రాసుకున్నారు" అనండి.
- డెడ్‌నేమ్, అంటే పుట్టినప్పుడు పెట్టినా తర్వాత తను విడిచిపెట్టిన పేరు: "పాత పేరు" తేలిపోతుంది, "చచ్చిన పేరు" దయ్యాల కథలో తప్పుదారి పట్టిస్తుంది. "వదిలేసిన పేరు" నాకు నచ్చింది. ఆ పేరుని మూలం చెప్పకపోతే మీరు కల్పించకండి.
- బైండర్: బైండర్ అనే రాయండి. ఛాతీ చదునుగా కనబడేందుకు కుట్టిన బిగుతు బనియన్ అని ఒకసారి చెప్పండి. "గుడ్డ బిగించి కట్టుకున్నాడు" అని మాత్రం రాయొద్దు. బ్యాండేజీలు, గుడ్డలు చుట్టుకోవడం ఊపిరికి, పక్కటెముకలకి ప్రమాదం. ఈ పుస్తకం చదివి అలా చేసే పిల్లలుంటారు.

## 9. ప్రేమ దగ్గర

"నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అని 16 ఏళ్ల కుర్రాడు డబ్బింగ్ సినిమాలో తప్ప అనడు. "నువ్వంటే ఇష్టంరా" అంటాడు, అదీ మొహం పక్కకి తిప్పుకుని. ప్రియుడు, ప్రేయసి అటక మీద పెట్టండి.

ఇద్దరి మధ్య "రా" ఎప్పుడు మొదలవుతుందో నిర్ణయించుకోండి. స్నేహితులు మొదటి రోజే "రా" అనుకుంటారు కాబట్టి, తెలుగులో దగ్గరితనం పెరిగిందని చూపించడానికి నేను తలకిందులుగా చేస్తాను. మొదట్లో "ఏంట్రా నీ గోల", మనసు విప్పి చెప్పుకునే ముందు ఆ "రా" ఊడిపోతుంది: "మాతేయో... ఉంటావా?"

తాకలేని దయ్యంతో ప్రేమ కాబట్టి చలి, వెలుగు, గొంతు ఇవే మీ సామాను. "వెన్నులో చలి పాకింది" ఒక్కసారే వాడుకోండి, రెండోసారికి అది భయం కథ అవుతుంది.

## 10. పంపే ముందు

కంప్యూటర్లో "ింది" కోసం వెతకండి, ఒక్కోటి కళ్లతో చూడండి. అన్నీ ఒకేసారి మార్చే బటన్ మాత్రం నొక్కకండి. నేను నొక్కాను. "మాతేయోకి కోపం వచ్చాడు", "ఆకలేశాడు", "వాన పడ్డాడు" అని 40 పేజీలు తయారయ్యాయి. కోపం వచ్చింది అన్నప్పుడు వచ్చేది కోపం, మాతేయో కాదు. అక్కడ '-ది' సరైనదే.

- కథకుడి నోట మాతేయోకి, నికోకి ఒక్క '-ది' కూడా లేదా?
- రాదు, రాగలదు లాంటివి విడిగా వెతికారా?
- మనవరాలు, చెల్లి, కూతురు: ప్రతిదీ ఎవరి గొంతులో ఉంది?
- అబ్వేలా "-డు"కి మారిన పేజీ, పట్టికలో రాసుకున్న పేజీ ఒకటేనా?
- హూలియాన్, జూలియన్ కలగాపులగం కాలేదు కదా?
- వెనక అట్ట మీది పరిచయం చూశారా? లోపల 300 పేజీలు సరిగ్గా రాసి, అట్ట మీద "అబ్బాయిగా మారిన ఓ అమ్మాయి కథ" అని అచ్చేయించుకున్నవాళ్లున్నారు. ఆ నాలుగు వాక్యాలు కూడా మీరే రాసి పంపండి.